ఫ్రేమ్‌కు అవతల

ఫిబ్రవరి 11, 2024, ఆదివారం
కోమల సినిమా కేరళలో ఏదో ఫెస్టివల్‌కు సెలెక్ట్ అయింది. నా స్టూడియోలో నాలుగేళ్లు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసిన పిల్ల. కెమెరా పట్టుకోవడం నేర్పిందే నేను. ఇప్పుడు పేపర్లో ఆమె పేరు పక్కన ఇండిపెండెంట్ ఫిల్మ్‌మేకర్ అని వేశారు. కడుపు మండింది. కంగ్రాట్స్ అని మెసేజ్ పెట్టాను.

ఫిబ్రవరి 12
బ్లూ టిక్ పడింది. రిప్లై లేదు.

ఫిబ్రవరి 13
రిప్లై వచ్చింది. కరీంనగర్‌లోనూ షో వేస్తోందట, మా అవ్వను తోలుకొని రమ్మంది. థాంక్స్ అన్నా అని చివర్లో ఒక దండం బొమ్మ.

మార్చి 3
చూశాను. సినిమా నిండా వాళ్లమ్మ యాదవ్వే. భర్త పోయిన మనిషి తలంబ్రాల దగ్గరికి రాకూడదు కదా. పీటల మీద చిన్నాన్న, చిన్నమ్మ కూర్చొని కన్యాదానం చేస్తుంటే, యాదవ్వ టెంటు వెనక వంటల దగ్గర నిలబడి పెద్దకూతురి పెళ్లి చూస్తుంది. అంతే.

ఇందులో ఏముంది? ప్రతి పెళ్లిలో ఉండేదే. అలాంటి ఆడవాళ్లు పొరపాటున తాళి కట్టే షాట్‌లో పడితే తీసేయమని పెళ్లివాళ్లే చెబుతారు. ఆ కట్‌లన్నీ నా సిస్టమ్ మీద కోమలే చేసేది. నా చెత్తబుట్టలోంచే కథ ఏరుకుందన్నమాట. అదే బుట్ట రోజూ నా కాళ్ల దగ్గరే ఉంది, నాకెందుకు కనబడలేదు?

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేను కూర్చొనే కొట్టాను. పక్కన మా అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను తీసిన ఏ వీడియో చూసీ ఆమె ఏడవలేదు.

మార్చి 4
ధర్మపురిలో పెళ్లి ఆర్డర్. కోమల మీ దగ్గరే పని చేసిందట కదా అని పెళ్లికొడుకు మేనమామ అడిగాడు. ఏ కోమల అన్నాను.

మార్చి 9
నేనూ తీస్తాను. కోమలకు యాదవ్వ ఉంటే నాకు నన్ను కన్న అవ్వ సత్తమ్మ లేదా? బాపు పోయినప్పటి నుంచి ఆమెదీ అదే బతుకు. పైగా నా దగ్గర మంచి లెన్స్ ఉంది. కోమల సగం సినిమా ఫోన్‌తో తీసింది, లైటింగ్ అసలే రాదు. వచ్చే ఏడు పేపర్లో నా పేరు పడాలి. కోమల కంగ్రాట్స్ పెట్టాలి. నేను రెండు రోజులు ఆగి రిప్లై ఇవ్వాలి.

మార్చి 10, పొద్దున ఏడు
వాకిట్లో మంచి వెలుతురు. అవ్వ చింతపండులో గింజలు తీస్తోంది. ట్రైపాడ్ పెట్టి రికార్డ్ నొక్కాను. అవ్వ తలెత్తి కెమెరాను చూసింది. చాట పట్టుకొని లేచి గోడ చాటుకు పోయింది.

"ఇగ తీసుకో బిడ్డా, నేను అడ్డం లేను."