లారీల అడ్డా చింతచెట్టుకు ధర

సాలూరు, 14 మే 1968, మంగళవారం

రోడ్డు వెడల్పు కోసం కొట్టేయబోయే చెట్లకు ఈ రోజు ధర కట్టాను. లారీల అడ్డాలోని చింతచెట్టు మొదలుకు టేపు చుట్టి, వంటచెరకు ఇంత, ఏటా చింతపండు ఇంత అని ఫారంలో రాశాను. ఆ చెట్టు కింద అంబలి అమ్మే అప్పలమ్మ చూస్తూనే ఉంది.

"మరి నీడకేటి రాసినావు బాబూ?"

"దానికి ఫారంలో గడి లేదమ్మా."

ఆమె కోప్పడలేదు. రోజూలాగే గ్లాసు నిండా అంబలి పోసి, ఉల్లిపాయ చేతిలో పెట్టింది. "తాగు. మొకం పీక్కుపోనాది."

బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఊళ్లో నా మొహం చూసి మాట్లాడేది ఆమె ఒక్కతే. రేపు ఎక్కడ కూర్చుంటావని అడగలేకపోయాను. మానుకు తారుతో నంబరు వేయబోతే, అంబలి కుండ పక్కకు జరిపి నాకు చోటిచ్చింది.