మంచు చిరుతకు తలుపు తీశాం

కిర్గిజ్‌స్తాన్ కొండల నుంచి

బంగారంలాంటి అమ్మకు,

ఫోన్‌లో చెబితే కంగారుపడతావని రాస్తున్నాను. మంచు చిరుతల్ని కాపాడే మా బృందం ఉన్నచోటికి దగ్గరలో, మొన్న పొద్దున ఒక చిరుత ఓ ముసలామె గొర్రెల దొడ్డిలోకి పైనుంచి దూకింది. గొర్రెల్ని చంపి, బయటికి ఎక్కలేక మూలన నక్కింది. ఆమె తుపాకీ పట్టుకుని వచ్చింది. ఆ గొర్రెలే ఆమె బతుకు. అయినా, అరుపులు విని పరుగెత్తుకొచ్చిన నేను ఆమెకు ఎదురెళ్లి నిలబడ్డాను. ఆమె భాష నాకు రాదు. భయంలో నోటికి మన మాటే వచ్చింది: "వద్దమ్మా, దాన్ని ఇడిచిపెట్టు. నీ దొడ్డి మీద ఇనుప జాలి నేనే కడ్త."

నేను జోడించిన చేతులు చూసిందో ఏమో, తుపాకీ దించింది. తలుపుకు తాడు కట్టి, ఇద్దరం దూరం నుంచి లాగాం. చిరుత పొడుగాటి తోక ఈడ్చుకుంటూ కొండెక్కిపోయింది.

సాయంత్రానికల్లా మా బృందమంతా కలిసి దొడ్డిపైన ఇనుప జాలి బిగించాం. ఇప్పుడు చుట్టుపక్కల కాపరులంతా తమకూ కట్టమంటున్నారు, చలికాలం ఉండిపొమ్మంటున్నారు. నాకూ ఉండాలనే ఉంది.

కానీ నీకు చెప్పని మాట ఒకటుంది. నేను బయల్దేరిన రోజు పెద్దబాపు "ఆడపిల్లకు పులులతోని ఏం పని?" అంటే, నువ్వు తల దించుకుని నిలబడ్డావు. అదే ఇప్పటికీ బాధగా ఉంది. నువ్వు రమ్మంటే వచ్చేస్తాను.

నీ స్రవ్య

జహనుమా, హైదరాబాద్

నా తల్లి స్రవ్యకు,

నీ ఉత్తరం నేను పనిచేసే గాజుల దుకాణంలోనే విప్పాను. నా మొహం చూసి మా యజమాని షహనాజ్ బాజీ "ఏమైంది కృష్ణమ్మా, బిడ్డ మంచిగున్నదా?" అంది. పైకి చదివాను. గాజులకొచ్చిన ఆడవాళ్లు బేరం ఆపి విన్నారు. "షేర్నీ హై తేరీ బేటీ, ఆడసింహం!" అని బాజీ నన్ను కావలించుకుంది. ఆ ముసలామెకు గాజులు పంపుతోంది. చేతి కొలత తెలియక రెండు సైజులు పెట్టింది.

ఆదివారం మీ పెద్దబాపు వచ్చి "ఇంకెప్పుడొస్తది? నలుగురు అడుగుతున్నరు" అన్నాడు.

"నలుగురికీ చెప్పు బావా, నా బిడ్డ తుపాకీకి అడ్డం నిలవడ్డది. చలికాలం ఎల్లినంక వస్తది, ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా "ఎంత పెద్దగుంటదట ఆ పులి?" అని అడిగాడు.

ఆ రోజు నేను తల దించుకున్నది ఆయనకు భయపడి కాదు. నోరు తెరిస్తే "పోవద్దు బిడ్డా" అనే మాటే వచ్చేది. ఆ మాట వింటే నువ్వు ఆగిపోయేదానివి.

ఉండు తల్లీ. దొడ్లన్నీ కట్టిరా.

స్రవ్య వాళ్ల అమ్మ
కృష్ణమ్మ