లాన్‌లో గరిక

సుగుణా,

నీ సంవత్సరీకం అయిపోయింది కాబట్టి, ఏడాది తర్వాత ఈరోజు ఇంట్లో పండగ చేసుకున్నాను. వినాయక చవితి. నీకు కోపం వచ్చే మాట ముందే చెప్పేస్తాను: నువ్వు పెంచిన లాన్ ఇప్పుడు లేదు.

ఎండాకాలంలో బోరు ఎండిపోయింది. ట్యాంకర్ నీళ్లు తెప్పించి గడ్డికి పోస్తుంటే, పై పోర్షన్‌లో కిరాయికుండే యాదమ్మ చూసింది. "ఏందన్నా గిది? తాగనీకే నీళ్లు లెవ్వు, గడ్డికి పోస్తున్నవా? ఇడ్శిపెట్టు జర" అంది. ఒళ్లు మండింది. అయినా ఆ సాయంత్రం నుంచి పైపు ముట్టుకోలేదు. నీ గడ్డి ఎండి, పట్టుకుంటే పొడైపోయింది.

వానలు పడ్డాక గరిక వచ్చింది. ఎవరూ నాటలేదు, నీళ్లు పోయలేదు. ఏడాది పొడుగునా నువ్వు పీట వేసుకుని లాన్‌లోంచి పీకి పారేసిన గరికే. చవితి ముందు రోజు మాత్రం దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి అదే కొనుక్కొచ్చేదానివి. నేను నవ్వితే, "కలుపు వేరు, పత్రి వేరండీ" అని కసిరేదానివి.

పొద్దున నేను పూజకు గరిక కోస్తుంటే యాదమ్మ కూడా బుట్ట పట్టుకుని వచ్చింది. నువ్వు పీట వేసుకునే చోటు చూపించి, "గా మూలకు మస్తుగుందన్నా, కొయ్యాల్నా?" అని అడిగింది.

"వద్దమ్మా, ఆ మూల మా ఆవిడ చూసుకుంటుంది" అనేశాను.

యాదమ్మ బుట్ట తీసుకుని ఇటువైపు వచ్చేసింది.