మునిగిన పడవలోకి మిక్కురాజి

మార్చి 4, తోంగ్యంగ్ రేవు

మనిషి లేని మా బుల్లి జలాంతర్గామికి మిక్కురాజి అని పేరు పెట్టాను. చేతికి చిక్కకుండా జారిపోయే బురద చేప పేరది. ప్రస్తుతానికి మాత్రం చేప కాదు, దుంగ. మలుపు తిరగమంటే ఈ గోడకీ ఆ గోడకీ కొట్టుకుంటోంది.

మునిగిన చేపల పడవలో వంటవాడు దూషిక్ ఉండిపోయాడు. లోపలి నడవలో డైవర్లు పట్టరు. తీగ కట్టిన రోబోలు వలల్లో చిక్కుకున్నాయి. మాది తీగ లేకుండా తనంతట తానే వెళ్ళి, ఉన్నచోటే తిరిగి బయటికి రావాలి. పదిహేనున గాలింపు ఆపేస్తారట. దూషిక్ వాళ్ళమ్మ రోజూ వచ్చి వర్క్‌షాప్ గుమ్మంలో కూర్చుంటోంది. ఏమీ అడగదు. అదే నాకు చిరాకు.

మార్చి 7

పక్క మోటార్లను మధ్యకి జరిపి, ఒళ్ళు కుదించాను. తొట్టిలో గిర్రున తిరిగింది! మా టీమ్ లీడర్ పాంగ్ సార్‌కి చూపిస్తే, ఇక పూజ చేసేద్దాం అన్నాడు. సెన్సర్ పరీక్షలు మిగిలాయన్నా వినడు. పూజ లేకుండా ఏ యంత్రమూ సముద్రంలో దిగదట.

మార్చి 8

మిక్కురాజి తిరిగిందన్న సంబరంతో కాలు ఒకచోట నిలవడం లేదు.

మార్చి 10

పంది తల నైవేద్యంగా పెట్టి, మొక్కాం. దూషిక్ వాళ్ళమ్మ ఇంట్లో పులియబెట్టిన బియ్యపు కల్లు, మక్కొల్లి, తెచ్చింది. కొడుక్కి ఇష్టమట. మిక్కురాజి ముక్కు మీద తనే పోసింది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

మార్చి 12

మిక్కురాజిని సముద్రంలోకి వదిలాం. ఇంకా పైనే ఉన్నాననుకుని దిగుతూనే పోయి, బురదలో ముక్కు గుచ్చుకుంది. చివరికి బరువు వదిలేసుకుని ఎలాగో తేలింది. విప్పి చూస్తే లోతు కొలిచే సెన్సర్ రంధ్రంలో మక్కొల్లిలోని బియ్యపు మడ్డి, ఎండి గట్టిపడి ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పాంగ్ సార్ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఆవిడకి మాత్రం చెప్పకు. మోటార్ పోయిందను."

ఒళ్ళు మండింది. అయినా వెళ్ళి అలాగే చెప్పాను.

మార్చి 14

మోటార్ బాగైందా అని అడుగుతూ ఆవిడ ఇంకో సీసా తెచ్చింది. మొన్న పోసింది చాలలేదేమో అంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను, కానీ వచ్చిన మాట వేరు.

"దీనికొద్దమ్మా, సముద్రానికి పోసేద్దాం. అబ్బాయి ఉన్నది అక్కడేగా."

ఇద్దరం రేవులో పోశాం. సీసా ఖాళీ అయ్యేదాకా ఆవిడతోపాటు నేనూ పట్టుకున్నాను.

మార్చి 15

సెన్సర్ శుభ్రం చేశాక మిక్కురాజి పడవ లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చింది. దూషిక్ దొరికాడు.

మిక్కురాజి తీసిన ఫొటో వాళ్ళమ్మ చూడనంది. ఎటు తిరిగి ఉన్నాడని మాత్రం అడిగింది.

తలుపు వైపు అన్నాను. ఇది మాత్రం నిజం.