స్ప్రింగా, డాగరా

గురువారం, బాతెల్, అమెరికా

మొత్తానికి డాగర్ అని తేల్చేశాను. మా పెద్ద జావా అప్లికేషన్‌ని మాడ్యూళ్లుగా విడగొడుతున్నాం కదా, ఏ మాడ్యూల్‌కి ఏది కావాలో చూసి అందించే ఫ్రేమ్‌వర్క్ ఏదన్న చర్చ ఎన్నాళ్లుగానో నానుతోంది. స్ప్రింగ్ అందరికీ వచ్చినదే, అందుకే ఇంత ఆలస్యం. ఇవాళ్టితో తీరిపోయింది, ప్రాణం హాయిగా ఉంది.

టీమ్‌లో కొత్తగా చేరిన భార్గవ్ మాత్రం లంచ్‌లో ముఖం మాడ్చుకున్నాడు. "అక్కా, బయట అందరూ అడిగేది స్ప్రింగే. రేపు లేఆఫ్ అయితే? హెచ్‌వన్ మీద ఉన్నవాణ్ని, అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, డాగర్ అంటే ఇంటర్వ్యూకి ఎవరు పిలుస్తారు?" అన్నాడు. నాదీ అదే వీసా.

సాయంత్రం వాడే ఒక ప్రయోగం చేశాడు. బిల్లింగ్ మాడ్యూల్‌కి అందాల్సిన ఒక ముక్కని కావాలనే తీసేశాడు. స్ప్రింగ్‌తో బిల్డ్, అంటే ప్రోగ్రాం తయారవడం, సాఫీగా అయిపోయింది, రన్ చేశాక పడిపోయింది. డాగర్‌తో అసలు బిల్డే కాలేదు. ఫలానాది లేదని అక్కడే చెప్పేసింది.

"అయితే ఆన్‌కాల్ డ్యూటీలో అర్ధరాత్రి నిద్ర లేపదన్నమాట" అని నవ్వాడు. తర్వాత మెల్లగా, "ఈ నిర్ణయం రాసిపెట్టే డిజైన్ డాక్ మీద నా పేరు కూడా పెట్టండక్కా. దీన్నే ఎందుకు తీసుకున్నామో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో పనికొస్తుంది" అన్నాడు.

వాడి పేరే ముందు పెట్టాను. నిజంగా అవసరం పడిన రోజున అది సరిపోతుందా అంటే...

ఇందాక ఊరికే నా రెజ్యూమే తెరిచాను. స్కిల్స్‌లో మొదటి పేరు ఇప్పటికీ స్ప్రింగే. డాగర్‌ని దాని కింద చేర్చి మూసేశాను.