మూడు కార్లకు ఒక గుమ్మడికాయ

బాగేపల్లి,
ఆయుధ పూజ మరుసటి దినం.

ఒకప్పుడు నా పక్క బెంచీవాడు, ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో బీమా ఏజెంటు, నా నంబరు బ్లాక్ చేసిన మహానుభావుడు అశ్వత్థనారాయణ అయ్యవారికి, మునినారాయణ దండాలు పెట్టి రాసేది.

ఇక్కడ అందరమూ బాగుండాము. నువ్వెట్ల ఉండావో అడుగుదామంటే ఫోను పోదు. టోల్ గేటు కాడ లారీలోంచి ఏనుగు దూకింది, ఆ లారీ నీ ఇన్సూరెన్సే అని గొంతు మార్చి చెప్పినందుకు మూడేండ్లుగా ఇంత కోపమా? కెమెరా మెడలో ఏసుకొని వచ్చి, "దూకిన ఏనుగు యాడప్పా?" అని టోలోళ్ళను అడిగింది నువ్వు. అడగమని నేను చెప్పినానా?

ఇంక విషయానికి వస్తా. నిన్న పూజకు మూడు కార్లూ కడిగి వరసగా నిలబెట్టినాము. నా కొత్త కారు, మా ఇంటామె కెంపమ్మ డెయిరీకి పాలు ఏసే ఓమ్ని, మన పాత అంబాసిడరు. కెంపమ్మ ఒకే బూడిద గుమ్మడికాయతో మూడింటికీ దిష్టి తీసి పగలగొట్టె. ఒకటి చాలునా అంటే, "మూడూ ఒకే ఇంటివని దేవునికి తెలీదా?" అనింది. నాకు అప్పుడే తట్టింది. గుమ్మడికాయ ఒకటి చాలితే పాలసీ ఒకటి యాల చాలదు? మూడు పాలసీలు, మూడు తేదీలు, మూడు తూర్లు దుడ్డు, ఇదంతా ఏం కర్మ? అన్నీ ఒకదాంట్లో కలిపితే ఎంత తగ్గుతాది, రాయి.

నీ మునినారాయణ.

తా.క. జవాబుకు స్టాంపు లోపల పెట్టినా. నువ్వు ఉత్తరం పారేస్తావేమో గానీ స్టాంపు పారేసే రకం కాదు.

---

చిక్కబళ్ళాపురం.

శ్రీ మునినారాయణ గారికి,

మీ ఉత్తరం అందింది. నా క్షేమసమాచారం ఈ విషయానికి సంబంధించినది కాదు.

ఒకటి కంటే ఎక్కువ కార్లను ఒకే పాలసీలో చేర్చే సౌకర్యం కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి. తేదీ ఒకటే అవుతుంది, కొంత తగ్గింపు కూడా దొరకవచ్చు. అయితే ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ధర సర్కారుది. ఇంజను పెద్దదైతే ధర ఎక్కువ, అందులో బేరం లేదు. మన బండికి జరిగే నష్టానికి కట్టేది బండి విలువను బట్టి ఉంటుంది. కొత్త కారుకు రెండూ కలిపి ఫుల్ చేయించండి. అంబాసిడరుకు విలువ ఏమీ మిగలలేదు, థర్డ్ పార్టీ చాలు.

ముఖ్యమైన షరతు: ఒకే పాలసీ కావాలంటే బండ్లన్నీ ఒకే యజమాని పేరిట ఉండాలి. ఆర్.సి.లు చూసుకోండి.

ఇట్లు,
అశ్వత్థనారాయణ.

తా.క. గుమ్మడికాయ ఆర్.సి. అడగదు. కంపెనీ అడుగుతుంది.

---

బాగేపల్లి,
వాన పడతాండాది.

గారూ, మీరూ అని రాసి నన్ను ముసలోణ్ణి చేసిన అయ్యవారికి,

విలువ ఏమీ మిగలలేదా? ఆ మాట అంబాసిడరు ఎదురుగా చదవలేదు, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నా.

ఆర్.సి.లు చూసినా. కొత్తది నాది. ఓమ్ని కెంపమ్మది. అంబాసిడరు నీ పేరు మీద ఉండాది సామీ! మర్చిపోయినావా? నిరుద్యోగుల లోను ఎస్సెస్సెల్సీ పాసైనోళ్ళకే అనిరి బ్యాంకులో. నేను ఎనిమిదిలోనే మేష్ట్రు కుర్చీకి పనస జిగురు పూసి ఇంటికొచ్చినోణ్ణి. అందుకే పేరు నీది, స్టీరింగు నాది. టాక్సీ బాడుగలు మానినంక సొంత బండని తెల్ల బోర్డుకు మార్చినప్పుడు కూడా పేరు మార్చుకోవల్లని ఇద్దరికీ తోచలేదు.

ఓమ్ని నా పేరుకు రాయమని కెంపమ్మను అడిగితే, "పాలు నావి, బండి నాది, నీ పేరు ఏం పని చేసిందని?" అనింది. అందుకని ఇంకొక దావ కనిపెట్టినా. మూడూ నీ పేరుకే రాసేస్తాము. యజమాని నువ్వు, దుడ్డు కట్టేది నువ్వు, తోలేది మేము. షరతు తీరిపోయె.

నీ బండి డ్రైవరు,
ముని.

తా.క. దావలో పాలు చిందితే పాలకు కూడా ఇన్సూరెన్సు వస్తాదా అని కెంపమ్మ అడగమనింది. నీళ్ళు కలిపింటే ఎంత కోస్తారో కూడా రాయి.

---

చిక్కబళ్ళాపురం.

శ్రీ మునినారాయణ గారికి,

పరిహాసం చాలించండి. కెంపమ్మ గారి బండికి ఆమె పేరిట వేరే పాలసీ తీసుకోండి. క్లెయిము చేయని ఏడాదులకు వచ్చే తగ్గింపు యజమానిది, బండిది కాదు. కాబట్టి ఆమె తగ్గింపు మీద మీరు కన్ను వేయనక్కరలేదు.

అంబాసిడరు నా పేరిట ఉండగా మీరు ఎనుమును గుద్దితే కోర్టు నన్ను పిలుస్తుంది. బదిలీ ఫారాలు పంపండి, సంతకం చేస్తాను. అప్పుడు మీ రెండు కార్లకూ ఒకే పాలసీ కుదురుతుంది. అది వద్దంటే బండిని పాత ఇనుము కొనే గుజిరికి ఇచ్చేయండి.

ఈలోగా ఒక ప్రశ్నకు జవాబు రాయండి: ముందు అద్దం వైపర్లు రెండూ పని చేస్తున్నాయా?

అశ్వత్థనారాయణ.

తా.క. పాలకు రాదు. నీళ్ళకు అసలే రాదు.

---

బాగేపల్లి.

సంతకం చేస్తానన్న పెద్దమనిషికి,

అంత సులభమా నీకు? ఒక గీత గీకితే అయిపోయెనా?

వైపర్లని అడిగినావు. కుడిది ఏ పొద్దు పని చేసింది? బట్లహళ్ళి పెండ్లి మర్చిపోయినావా? చింతామణి దాటంగానే కుండపోత. వెనక పెండ్లికూతురు, దాని ఒడిలో ఇద్దరు పిల్లోళ్ళు, డిక్కీలో గంగాళాలు. నాకు అద్దంలో నీళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఎడమ పక్క కూర్చొని నువ్వు, "ఎనుము! కుడికి తిప్పు! గుంత! మెల్లగా! రేయ్, గొడుగు పట్టుకొని నిలబడింది పెండ్లికూతురు నాయన, తొక్కొద్దు!" అని గొంతు పోయేదాకా అరుస్తాంటివి. నీ కండ్లతో నేను తోలినా. ముహూర్తానికి చేర్చినాము. పెండ్లిలో మంత్రాలు చెప్పవల్సిన మీ నాయనకు గొంతు ఉండె, నీకు పోయె. ఒక్క ఎనుమన్నా చచ్చెనా? ఏ కోర్టు పిలిచె?

ఇట్ల రాసుకో: ఒక వైపరు అద్దం మీద ఉండాది. ఇంకొకటి చిక్కబళ్ళాపురంలో నంబరు బ్లాక్ చేసుకొని కూర్చోండాది. మూడేండ్లుగా వాన వస్తే ఈ బండి షెడ్డు దాటలేదు.

విలువ లేదంటివి కదా. ఆదివారం పొద్దున చింతామణి గుజిరి చెన్నరాయప్ప కాటా ఎత్తుకొని వస్తాండాడు. కేజీ లెక్కన ఇచ్చేస్తా. నీకూ నిమ్మళం, నాకూ నిమ్మళం.

మునినారాయణ.

తా.క. వెనక సీటు కింద నీ పాత కండ్లజోడు దొరికె. కాటాలో ఏసేదా?

---

చిక్కబళ్ళాపురం.

ఒరే మునీ,

చెన్నరాయప్పకు ఫోను చేసినా. "అంబాసిడరా? మొన్న రేటు అడిగిన పాపానికి గడ్డపార ఎత్తుకొని తరిమినాడు సామీ! నేను ఆ వీధికే పోను" అన్నాడు. గొంతు మార్చి చెప్పినా అబద్ధం బాగుండాల, కాగితం మీద చెప్పినా బాగుండాల. వయసైపోయింది నీకు.

ఇంక నా వంతు. నేను ఏజెన్సీ మూసేసి రెండేండ్లయింది. నువ్వు రాసిన అడ్రసులో ఇప్పుడు బేకరీ ఉండాది. బేకరీ భాను నీ ఉత్తరాలు బన్నులతో పాటు ఇంటికి తెచ్చిస్తాండాడు. మొదటి ఉత్తరం చూసిన దినమే మా దీక్ష ఫోనులో నొక్కి, "కొత్తదానికి ఫుల్లు, ఓమ్నికి ఆమె పేరున వేరే, అంబాసిడరుకు థర్డ్ పార్టీ. అంతే నాయనా, ఒక మెసేజ్ పెట్టెయ్" అనింది. మెసేజ్ పెడితే నువ్వు "సరే" అంటావు. దాని తర్వాత? అందుకే ఒక్కొక్క షరతూ ఒక్కొక్క ఉత్తరంలో వదిలినా. "ఇది ఇన్సూరెన్సా, సీరియలా?" అని మా ఇంటామె పంకజ నవ్వింది. ఆ వైపర్ల ప్రశ్న ఏ కంపెనీ ఫారంలోనూ లేదురా. నువ్వేం రాస్తావో చూద్దామని అడిగినా. నువ్వు రాసింది పంకజకు చదివి వినిపించబోయి, గొడుగు కాడికి వచ్చి ఆగిపోయినా. మిగిలింది ఆమే చదువుకొనె.

బదిలీ ఫారాలు పంపొద్దు. అంబాసిడరుకు నా పేరు మీదే థర్డ్ పార్టీ కట్టేసినా. ఆదివారం నా బండిని చూసుకోను వస్తాండా. వాన పడతాదంట. కండ్లజోడు తుడిచి ఎడమ సీటు మీద పెట్టు.

నీ కుడి వైపరు,
అశ్వత్థ.

తా.క. ఏనుగు కోసం వచ్చిన పొద్దు టోలోళ్ళు నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, "మునినారాయణ స్నేహితులా?" అని అడిగిరి. ఏనుగును అడిగినప్పటి కంటే, అవునని చెప్పడానికే ఎక్కువ సిగ్గయింది.

ఇంకొక తా.క. నంబరు మాత్రం బ్లాకులోనే ఉంటుంది. తీసేస్తే నువ్వు ఉత్తరం రాయవు.