షరతుల్లేని కుస్తీ

సిరిసిల్ల, ఆదివారం రాత్రి

ఈరోజు కోరుట్లలో నాకూ యూసుఫ్‌కూ పెట్టింది షరతుల్లేని కుస్తీ అని మైకులో చెప్పారు. అతని చెయ్యి మెలిపెట్టి పట్టాను. అతను నేలను తట్టగానే వదిలేశాను. "ఇరగ్గొట్టు!" అని జనం అరిచారు. షరతుల్లేవన్నా, ఓటమి ఒప్పుకుని నేలను తట్టినవాణ్ని వదిలెయ్యాలన్న ఆ ఒక్కటీ మా ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పాను. అడవిలోంచి వచ్చిన అన్నలకు అన్నం పెట్టాడని పోయిన నెల పోలీసులు వాడిని పట్టుకుపోయి, రెండు చేతులూ విరిచి పంపారు.

"గాయిన తట్టంగనే ఇడిచినవా?"

"ఆ, ఇడిచిన."

"నేను మొక్కిన, అన్నా. అయినా ఇడువలే."

అన్నం కలిపి తినిపిస్తూ కూర్చున్నాను.

"మల్ల మగ్గం మీద కూసుంటనా?" అన్నాడు.

ఇంకో ముద్ద పెట్టాను.